ఆ పిల్లల చదువుకూ ఆటపాటలకూ డబ్బెవరిచ్చారు?

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగారు. కృష్ణా ఆనకట్ట మీదా, స్వాతంత్ర్యోద్యమంలో బెజవాడ మీదా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకంటే బాగా రాస్తారు కూడా. నేను 1968లో ఖజానా శాఖలో చేరి గుడివాడ, బందరు, విజయవాడలలో పనిచేసి 2004లో దిగిపోయినవాణ్ణి. ఏ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ పద్దు ఖాళీగా ఉండిపోయింది అన్నదే నాకు తెలిసిన చరిత్ర. అందుకని అలాంటి ఒక ఖాళీ పద్దు గురించే రాస్తున్నాను. పుట్టుకతోనో పసితనంలోనో బుద్ధి ఎదుగుదల కుంటుపడిన పిల్లల చదువుకు, ఆటపాటలకు మన ప్రాంతంలో ఇన్నేళ్ళుగా డబ్బు ఎవరిచ్చారన్నది విషయం.

ముందు పేర్ల సంగతి. మా చిన్నతనంలో ఊళ్ళో ఇటువంటివారిని వెర్రిబాగులవాడు అనేవాళ్ళు. కాస్త దయ ఉన్నవాళ్ళు దేవుడి బిడ్డ అనేవాళ్ళు. ప్రభుత్వ కాగితాల్లో మొదట మందబుద్ధి, తర్వాత బుద్ధిమాంద్యం, మానసిక వికలాంగులు అన్నారు. ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు, మన రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు. డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ అని డాక్టర్లు వేరు వేరుగా చెబుతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో మంచి తెలివిగలవారు ఎందరో ఉంటారు, అది మరిచిపోకూడదు. పేరు మారిన ప్రతిసారీ కొత్త రబ్బరు స్టాంపులు చేయించారు గాని, పద్దులో అంకె మాత్రం అంత తొందరగా మారలేదు.

పాతకాలంలో ఈ ఖర్చంతా ఉమ్మడి కుటుంబం మీదే పడేది. దాన్ని ఖర్చని ఎవరూ అనుకోలేదు కూడా. అటువంటి కుర్రవాడు గొడ్లను తోలుకెళ్ళేవాడు, నూతిలో నీళ్ళు తోడేవాడు, కళ్ళంలో కాపలా పడుకునేవాడు. ఊరంతా అతనికి తెలుసు, ఊరందరికీ అతను తెలుసు. ఎగతాళి ఉండేది, దెబ్బలు కూడా ఉండేవి, ఆ రోజులు బంగారు రోజులని నేను అనను. కాని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతనికి ఒక పని, తిరగడానికి ఒక చోటు ఉండేవి. ట్రాక్టర్లు వచ్చి గొడ్లు తగ్గాక, వాటాలు పంచుకుని అన్నదమ్ములు వేరుపడ్డాక, చదువుకున్నవాళ్ళు విజయవాడలో రెండు గదుల వాటాల్లోకి చేరాక ఆ పని పోయింది, ఆ చోటూ పోయింది. మిగిలింది తల్లి ఒక్కతే. ఈ పద్దులో అందరికంటే ఎక్కువ జమ చేసింది ఆమె. ఆ లెక్క ఏ ఖజానాలోనూ దొరకదు.

సర్కారు సంగతి చూద్దాం. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం మతి చలించినవారినీ, పుట్టుకతో బుద్ధి ఎదగనివారినీ ఒకే నిర్వచనంలో కలిపేసింది. అంటే చట్టం దృష్టిలో వీళ్ళకు ఉన్న చోటు బడి కాదు, పిచ్చాసుపత్రి. ఇది జబ్బు కాదని, మందులతో తగ్గేది కాదని, నేర్పితే నేర్చుకునే స్థితి అని చట్టం విడదీసి చెప్పడానికి 1987 మానసిక ఆరోగ్య చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అదీ అమలులోకి వచ్చింది 1993లో. ఈ ఎనభై ఏళ్ళ కలగలుపు వల్ల జరిగిన నష్టం పెద్దది. జబ్బయితే ఆసుపత్రికి గ్రాంటు అడగవచ్చు, చదువైతే విద్యాశాఖను అడగవచ్చు. రెండూ కాని దానికి ఎవరిని అడగాలో తెలియక తల్లిదండ్రులు అడగడమే మానుకున్నారు. 2001 జనాభా లెక్కల్లో కూడా ఇద్దరినీ కలిపి ఒకే గడిలో రాశారు. 2011లో గాని వేరే గడి రాలేదు. ఆ లెక్క ప్రకారం దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవారు 15 లక్షల పైచిలుకు. ఇంట్లో అటువంటి బిడ్డ ఉన్నాడని ఎన్యూమరేటరుకు చెప్పని ఇళ్ళు ఎన్నో మనందరికీ తెలుసు. మనలో చాలామంది ఆ డ్యూటీ చేసినవాళ్ళమే కదా.

మరి మన డెల్టా ధర్మబుద్ధి లేని నేలా అంటే, అలా అనడానికి నోరు రాదు. 1855 నాటికి ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ఈ నేల చందాలతో ఎన్ని పనులు చేసిందో చూడండి. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వచ్చింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఇక్కడే పుట్టింది. 1935లో కాలవ ఒడ్డున ఉన్న పల్లెలకు పుస్తకాలు అందాలని పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరకు వెళ్ళాలన్న ఆలోచన మన కాలవల మీద అమలైంది. స్వాతంత్ర్యం తర్వాత రైతులు ఎకరాలు అమ్మి కాలేజీలకు చందాలిచ్చారు. సత్రాలు, అన్నదాన సమాజాలు సరేసరి. ఇంత చేసినవాళ్ళకు బడికి రాలేని బిడ్డ దగ్గరకు బడి వెళ్ళాలన్న ఆలోచన చాలాకాలం తట్టలేదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. విజయవాడలో మాంటిసోరి అనే పేరు తెలియని ఇల్లు లేదు. 1955లో వి. కోటేశ్వరమ్మ గారు మొదలుపెట్టిన మాంటిసోరి బడిలో, ఆ తర్వాత వచ్చిన కళాశాలలో మన ఆడపిల్లలు తరాల తరబడి చదువుకున్నారు. ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో కాలం చేశారు. ఆ పేరు గల ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిసోరి తన పద్ధతిని మొదట ఎవరి కోసం తయారు చేసిందో తెలుసా? రోములో పిచ్చాసుపత్రుల గదుల్లో పడి ఉన్న, బుద్ధి ఎదగని పిల్లల కోసం. ఫ్రాన్సులో ఇటార్, సెగ్విన్ అనే ఇద్దరు వైద్యులు అంతకు ముందు చేసిన పనిని చదివి, గుండీలు పెట్టుకోవడం నేర్పే చట్రాలు, వేలితో తడిమి నేర్చుకునే గరుకు కాగితపు అక్షరాలు, చిన్నా పెద్దా కొయ్య దిమ్మలు వాడి 1900 ప్రాంతంలో ఆమె వాళ్ళకు చదువు చెప్పింది. వాళ్ళు నేర్చుకోవడం చూశాక, ఇదే పద్ధతి మామూలు పిల్లలకు వాడితే ఎలా ఉంటుందని 1907లో పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం జరిగినన్నాళ్ళూ మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అలా ఆ పద్ధతి దక్షిణాదిలో పాకింది. మందకొడి పిల్లల కోసం పుట్టిన చదువు మన దాకా వచ్చేసరికి చురుకైన పిల్లల చదువైంది.

దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు, లెక్క వేసి చూస్తే కారణం కనిపిస్తుంది. మామూలు తరగతిలో నలభై యాభైమందికి ఒక టీచరు చాలు. ఈ పిల్లలకు ఐదారుగురికి, మహా అయితే ఎనిమిదిమందికి ఒకరు కావాలి. టీచరు జీతం 16,000 అనుకుందాం. ఎనిమిదిమంది మీద పంచితే పిల్లవాడికి నెలకు 2,000 జీతం కిందే పోయింది. ఆయా జీతం, అద్దె, పిల్లల్ని తెచ్చే బండి వేరే. అంత ఫీజు కట్టగలిగేవాళ్ళు తక్కువ. కాబట్టి ఇది ఫీజులతో నడిచే బడి కాదు. నెలనెలా ఎవరో ఒకరు బయటినుంచి డబ్బు పోస్తేనే నడుస్తుంది.

దేశంలో మొదట ఆ డబ్బు పోసింది తల్లిదండ్రులూ, దయగల స్త్రీలూ. బొంబాయిలో 1944లో జై వకీల్ అనే పార్శీ తల్లి తన కూతురి కోసం బడి మొదలుపెట్టింది. అది ఈనాటికీ నడుస్తోంది. మద్రాసులో 1953లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ గారు గిల్డ్ ఆఫ్ సర్వీస్ తరఫున బాలవిహార్ స్థాపించారు. సరిగ్గా ఆ ఏడాదే మనం మద్రాసు నుంచి విడిపోయాం. మద్రాసు పట్టణం మనది కాకపోయిందని బాధపడినవాళ్ళు హైకోర్టు పోయిందన్నారు, రేవు పోయిందన్నారు. ఈ పిల్లల బడి కూడా ఆవలే ఉండిపోయిందని ఎవరూ అనుకుని ఉండరు. మన వైపు 1968లో హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ గారు ఈ పిల్లల కోసం సంస్థ ప్రారంభించేదాకా తెలుగు తల్లిదండ్రులు చెప్పుకోవడానికి పెద్ద ఆధారం లేదు. ఆ తర్వాత 1984లో కేంద్ర ప్రభుత్వం సికిందరాబాదు బోయినపల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. దేశానికంతటికీ ఒక్క సంస్థ పెడుతూ దాన్ని మన రాష్ట్రంలో పెట్టడం మన అదృష్టం. ప్రత్యేక టీచర్ల శిక్షణకు అది పెద్ద దిక్కైంది, తెలుగులో తల్లులకు పనికివచ్చే చిన్న పుస్తకాలు కూడా వేసింది. విజయవాడ నుంచి రాత్రి రైలెక్కి, తెల్లవారి బోయినపల్లిలో దిగి, పరీక్ష చేయించి, మళ్ళీ రాత్రి రైలుకు తిరిగివచ్చిన తల్లిదండ్రులు నాకు తెలిసినవాళ్ళే అరడజను మంది ఉన్నారు. రైల్వేవారు ఇటువంటివారికీ, వెంట వచ్చే తోడుకూ టిక్కెట్టులో 75 శాతం రాయితీ ఇస్తారు. మన వృద్ధుల రాయితీని 2020 మార్చిలో తీసేసినా దీన్ని తీయలేదు, అంతవరకు సంతోషం.

1981ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ రోజుల్లో సభలు బాగా జరిగాయి. మూడు చక్రాల బళ్ళు, చంక కర్రలు, చెవి మిషన్లు పంచారు. మంచిదే. బండి ఇస్తే ఫొటో వస్తుంది, తీసుకున్నవాడు తొక్కుకుంటూ వెళ్ళడం జనానికి కనపడుతుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లవాడికి పంచిపెట్టడానికి ఏ వస్తువూ లేదు. వాడికి కావలసింది రోజూ వచ్చే మనిషి. ఈ తేడా అప్పటినుంచి ఇప్పటిదాకా అన్ని పథకాల్లోనూ కనిపిస్తుంది.

చట్టాలు తర్వాత వరసగా వచ్చాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాల్లో బుద్ధిమాంద్యాన్ని చేర్చి 18 ఏళ్ళదాకా ఉచిత విద్య అంది. 2016 చట్టం ఆ ఏడింటిని 21 చేసింది. 29, 30 సెక్షన్లలో సంస్కృతి, వినోదం, క్రీడలు కూడా హక్కుగా రాసింది. రాయడం వరకు చాలా బాగా రాశారు. సొమ్ము సంగతే మనం చూడవలసింది. సర్వశిక్షా అభియాన్‌లో ఇటువంటి పిల్లవాడికి మొదట కేటాయించింది ఏడాదికి 1,200 రూపాయలు, అంటే నెలకు 100. తర్వాత అది 3,000 అయింది, 2018 నుంచి సమగ్ర శిక్షలో 3,500 చేశారు. అది నెలకు 292 రూపాయలు పడుతుంది. మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టి, సహిత విద్య టీచర్లను వేసి, ఫిజియోథెరపీ చేయిస్తున్నారంటే ఆ కొద్ది సొమ్ములోనే ఎంతో కొంత చేశారనే చెప్పాలి. ప్రాథమిక స్థాయిలో పదిమందికి, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలన్న నిష్పత్తి నోటిఫై అయింది 2022లో, అదీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక.

1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం సంగతి మన పింఛనుదారులకు బాగా అర్థమవుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం కేంద్రం 100 కోట్లు మూలధనంగా ఇచ్చి, దానిపై వచ్చే ఆదాయంతో పని నడపాలంది. మన ఫిక్సెడ్ డిపాజిట్ల మాదిరే అన్నమాట. వడ్డీ 10 శాతం ఉంటే ఏడాదికి 10 కోట్లు. అదే 6 శాతానికి పడిపోతే 6 కోట్లు. 2011 లెక్కలో ఉన్న 15 లక్షల మందికి పంచి చూడండి, తలకు ఏడాదికి 40 రూపాయలు. పదవీ విరమణ సొమ్ము బ్యాంకులో వేసుకుని వడ్డీ తగ్గుతుంటే గుండె బేజారైనవాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. తరువాత పథకాలకు కేంద్రం విడిగా కూడా సొమ్ము ఇవ్వవలసి వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు దీన్‌దయాళ్ పథకం కింద ఆమోదించిన ఖర్చులో 90 శాతం దాకా గ్రాంటు ఉంది. గ్రాంటు అంటే ఏమిటో మనకు తెలుసు. తనిఖీ, సిఫార్సు, ఆడిట్ లెక్కలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఆపైన విడుదల. ఈలోగా టీచరు ఇంటి అద్దె ఆగదు.

ఒక ఊళ్ళో సబ్ ట్రెజరీలో ఉండగా చూసిన సంగతి చెబుతాను. చనిపోయిన ఒక ఉపాధ్యాయుడి భార్య ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కొడుకును వెంటబెట్టుకుని వచ్చేది. అతనికి ముప్పై దాటాయి. మా అటెండరు కాగితాల మీద ముద్ర వేస్తుంటే ఆ చప్పుడుకు అతను పగలబడి నవ్వేవాడు. ఒకసారి అటెండరు ఒక పనికిరాని రిజిస్టరు, పాత సీలు ఒకటి అతని ముందు పెట్టాడు. గంటసేపు ప్రతి పేజీ మీదా జాగ్రత్తగా, ఒక్కటి కూడా వంకర పోకుండా ముద్రలు వేశాడు. తల్లి వెళ్దాం రమ్మంటే కదలలేదు. "ఏడాదంతా ఈ రోజు కోసమే చూస్తాడండీ. ట్రెజరీ ఎప్పుడు, ట్రెజరీ ఎప్పుడు అని నన్ను చంపుకుతింటాడు" అంది ఆవిడ. మనకు క్యూలో నిలబడే విసుగైన రోజు, అతనికి తిరునాళ్ళు.

ఆమె తదనంతరం అతనికి కుటుంబ పింఛను వచ్చే ఏర్పాటు మన నియమాల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నియమావళి, 1980లో 50వ నియమం చూడండి. మామూలుగా కొడుక్కు 25 ఏళ్ళు నిండేదాకా ఇచ్చే పింఛను, సంపాదించుకోలేని మానసిక వైకల్యం ఉంటే జీవితాంతం ఇస్తారు. సంరక్షకుడి ద్వారా చెల్లిస్తారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకూ ఇటువంటిదే ఉంది. 2013 జులై ఉత్తర్వుతో తల్లిదండ్రులు బతికి ఉండగానే ఆ బిడ్డ పేరు పీపీఓలో ఎక్కించుకునే వీలు కలిగింది. బిడ్డకు వేరే ఆదాయం ఉంటే 9,000 దాటకూడదన్న పాత పరిమితిని 2021లో సడలించి, ఆ ఆదాయం ఆఖరి జీతంలో 30 శాతం, దానిపై కరువు భత్యంలోపు ఉంటే చాలన్నారు. నా దృష్టిలో ఈ పిల్లల విషయంలో నెలనెలా తప్పకుండా వచ్చే సొమ్ము ఇదొక్కటే, పైగా ఇది మన ఉద్యోగం సంపాదించిపెట్టిందే. దీనికి మూడు కాగితాలు కావాలి: వైకల్య ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల జాబితాలో పేరు, సంరక్షకుడి నియామకం. పద్దెనిమిది నిండిన బిడ్డకు తల్లిదండ్రులు కూడా దానంతటదే చట్టబద్ధ సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు గారి అధ్యక్షతన ఉన్న స్థానిక కమిటీ నియమించాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు విజయవాడవాళ్ళకూ కలెక్టరేటు బందరే. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేటు విజయవాడలోనే ఉంది కాబట్టి ఆ ప్రయాసైనా తప్పింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక చిన్నాన్నలూ మేనమామలూ ఈ కాగితాల కోసం తిరగడం నేను చాలాసార్లు చూశాను. రెండేళ్ళు, మూడేళ్ళు పట్టినవి ఉన్నాయి. అందాకా ఆ మనిషి అన్నం ఎవరో ఒకరు పెట్టాలి కదా.

రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల పింఛను కూడా పెరిగింది. 2019లో 3,000 అయింది, 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నారు. పేద ఇళ్ళకు అది నిజంగా పెద్ద ఆసరా. కాని ఆ డబ్బు తీసుకుని ఎక్కడ ఖర్చు పెట్టాలి? మందులకు, బియ్యానికి పెట్టవచ్చు. ముప్పై ఏళ్ళవాడు పొద్దున పది గంటలకు వెళ్ళి నాలుగింటికి వచ్చే చోటు ఊళ్ళో లేకపోతే డబ్బుండి ఏం లాభం? ముద్రలు వేసిన ఆ అబ్బాయికి పింఛను కొరత ఎప్పుడూ రాలేదు. అతనికి లేనిది మంగళవారం, బుధవారం.

మన ఊళ్ళో అటువంటి పిల్లల బడి ఒకదానికి నేను అప్పుడప్పుడు వెళ్తుంటాను. అక్కడ గోడ మీద నల్లబల్ల ఉంది, అన్నదాతల పేర్లూ తేదీలూ రాసి ఉంటాయి. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, ఆబ్దికాలు. రాబోయే రెండు నెలలకు ఖాళీ ఉండదు. ఒక్కోరోజు ఇద్దరు దాతలు వస్తారు, రెండు పాయసాలు. అదే బడిలో పాటలు నేర్పే మాస్టారిని వారానికి రెండుసార్లు పిలవడానికి నెలకు నాలుగు వేలు కావాలని అడిగితే ఆరు నెలలు ఎవరూ ముందుకు రాలేదు. ఇచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అన్నం పెడితే తృప్తి వెంటనే కళ్ళముందు కనిపిస్తుంది. గది కట్టిస్తే తలుపు మీద పాలరాయి మీద తండ్రి పేరు చెక్కించుకోవచ్చు. టీచరు జీతానికి పాలరాయి ఎక్కడ పెడతాం? అక్కడి టీచరమ్మ మాత్రం కొండపల్లి బొమ్మల సెట్టు ఒకటి సొంత డబ్బుతో కొని, ఏనుగు ముందు ఎవరు, వెనక ఎవరు, మొత్తం ఎంతమంది అని లెక్కలు చెబుతోంది. 2014 నుంచి కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు పెట్టాలన్న నిబంధనలో ఈ పిల్లల ప్రత్యేక విద్య కూడా ఉంది. దాని కింద వచ్చేవీ ఎక్కువగా బస్సులు, కంప్యూటర్లు. బస్సు వచ్చాక డీజిలు ఎవరు పోస్తారన్నది ఒప్పందంలో ఉండదు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన మన సభ్యులు ఒక మాట చెబుతారు, అక్కడ ఇటువంటి మనవడుంటే ఇంటి ముందుకే పసుపు బస్సు వస్తుందని. నిజమే. అక్కడ 1975లో చట్టం చేసి, ఏ బిడ్డనూ బడి కాదనకూడదన్నారు. తల్లిదండ్రులు కోర్టులకెక్కి సాధించుకున్నది అది. కాని అక్కడ కూడా అదనపు ఖర్చులో 40 శాతం తానిస్తానన్న కేంద్ర ప్రభుత్వం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అంత ఇవ్వలేదు, మిగతాది రాష్ట్రాలూ ఊళ్ళూ పన్నులతో భరిస్తున్నాయి. ఆటల కథ కూడా అక్కడిదే. యూనిస్ కెనెడీ శ్రైవర్ గారికి బుద్ధిమాంద్యం ఉన్న అక్క ఉండేది. 1962లో ఆమె ఇటువంటి పిల్లలను తన ఇంటి పెరట్లోకే పిలిచి ఈత, గుర్రపుస్వారీ నేర్పించింది. అదే 1968 నాటికి షికాగోలో స్పెషల్ ఒలింపిక్స్ అయింది. 2023లో బెర్లిన్‌లో జరిగిన పోటీల్లో మన దేశపు క్రీడాకారులు 202 పతకాలు తెచ్చారు. పత్రికల్లో మూలన వేశారు.

పతకాల సంగతి అలా ఉంచి, మన సంఘం సంగతి చెప్పి ముగిస్తాను. ఏటా కార్తీకంలో మనం వనభోజనాలకు వెళ్తాం. పోయిన ఏడాది మేం కొద్దిమందిమి కలిసి, సంఘం సొమ్ము ముట్టుకోకుండా, ఈ పెద్ద పిల్లలను పద్నాలుగుమందిని వెంట తీసుకువెళ్ళాం. చిన్నవాడికి 19, పెద్దాయనకు 46. పున్నమి ఘాటు దగ్గర పడవెక్కి భవానీ ద్వీపానికి వెళ్ళాం. ఆ 46 ఏళ్ళాయన పుట్టి పెరిగింది కృష్ణ ఒడ్డునే, పడవెక్కడం అదే మొదలు. ఎక్కేటప్పుడు భయపడి మా రిటైర్డు ఓవర్సీరు గారి చొక్కా పట్టుకున్నాడు, కాసేపటికి చొక్కా వదిలి బల్ల పట్టుకున్నాడు. ద్వీపం చేరాక దిగనన్నాడు. చివరకు పడవవాడే రెండోసారి ఊరికే తిప్పాడు. ఇద్దరు తల్లులు ఉసిరిచెట్టు కింద జంపఖానా పరుచుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయారు. ఎన్నేళ్ళయిందో అలా పడుకుని అన్నారు.

ఖర్చు చిన్న బస్సు అద్దె, పడవ టిక్కెట్లు, ఫలహారం, పులిహోర. పదకొండుమందిమి పంచుకున్నాం. ఈసారి కార్తీకానికి కూడా వెళ్దామనుకుంటున్నాం, వీలైతే మధ్యలో సంక్రాంతికి ఒకసారి, వేసవిలో సాయంత్రం పూట ఒకసారి. పాటల మాస్టారి సంగతి కూడా ఏడాదికి మాట్లాడేశాం, నెలకు ఇద్దరు చొప్పున సగం నెలలకు మనుషులు కుదిరారు. మిగతా నెలలకు కావాలి. పేరు ఇవ్వదలచినవారు కోశాధికారి గారికి చెప్పండి. వెంట రావడానికి ఓపిక ఉన్నవారు ఇంకా ముఖ్యం. పడవలో ఒక్కొక్కరి పక్కన ఒకరు కూర్చోవాలి.